టపా బండి పక్కన పరుగుమనిషి

మా ఇంట్లో దయ్యాల కథలు చెప్పుకునే అలవాటు లేదు. పెరట్లో పనివాళ్లు అలాంటి మాటలు మొదలుపెడితే పిల్లల్ని లోపలికి పిలిచేసేవారు. నేను బి.ఎస్సీ. చదివాను. తాయెత్తు కట్టుకోలేదు, సోదె అడగలేదు. ఇంత వయసొచ్చినా శ్మశానం పక్కదారిన ఒంటరిగా నడిచి వస్తాను.

అయినా ఇది రాస్తున్నానంటే కారణం ఊళ్లో మాటలు. మా పెదనాన్నగారు చేతబడి చేయించారని కొందరంటారు. మా తమ్ముడు శేషుకి మూర్ఛరోగం ఉంటే మేం దాచిపెట్టామని మరికొందరంటారు. రెండూ అబద్ధాలే. మా కుటుంబానికి ఇప్పుడు మిగిలింది పేరొక్కటే కాబట్టి, నేను చూసింది చూసినట్టు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మార్టూరుకు దగ్గర్లో, పెద్దరోడ్డుకు కాస్త లోపలగా మా ఊరు. రైలు రాకముందు మద్రాసు వెళ్లే టపా ఈ రోడ్డు మీద గుర్రబ్బళ్లలో పోయేదట. మా ముత్తాత తండ్రిగారు ఆ బళ్లకు గుర్రాలనూ మనుషులనూ ఇచ్చేవారు. ఇక్కణ్ణుంచి సింగరాయకొండ దాకా మావాళ్ల హద్దు. అక్కడ టపా ఇంకొకరి చేతికి వెళ్లేది.

ఆ బండిని ఆయన ఒక చిత్రకారుడి చేత నూనెరంగుల్లో వేయించారు. మద్రాసు నుంచి వచ్చిన ఆ మనిషి మా ఇంట్లోనే ఉండి, తిని, ఆ బొమ్మ వేశాడని చెప్పేవారు. పట్టెమంచమంత పొడవు బొమ్మ. ఎర్రమట్టి రోడ్డు, కమ్ముకొస్తున్న మబ్బు, నురగలు కక్కుతున్న రెండు గుర్రాలు. పైన తోలేవాడు కొరడా ఎత్తి ఉంటాడు. వెనక ఒకడు బూర ఊదుతుంటాడు. గుర్రం పక్కన ఎర్ర పాగా కట్టిన మనిషి ఒకడు పరుగెత్తుతుంటాడు. గుర్రం బెదిరితే పట్టుకోవడానికి, వాగుల దగ్గర నడిపించడానికి, దారిలో ఎవరైనా అడ్డొస్తే తప్పించడానికి ఆ రోజుల్లో అలా ఒక మనిషి ఉండేవాడు. మా ఇంట్లో అతన్ని పరుగుమనిషి అనేవారు. గుర్రం జీను నుంచి వేలాడే తోలుపట్టీ అతని కుడి మణికట్టుకు ముడివేసి ఉంటుంది.

ఆ ముడికి ఒక కథ ఉంది. ఒకసారి ఒక పరుగుమనిషి అలిసిపోయి పట్టీ వదిలేసి రోడ్డు పక్కన కూర్చుండిపోయాడట. టపా ఆలస్యమైంది. అప్పటినుంచి పట్టీని చేతికి ముడివేయడం మొదలుపెట్టారు. ఈ కథని మా ఇంట్లో క్రమశిక్షణకు ఉదాహరణగా, గొప్పగా చెప్పుకునేవారు. చివర్లో "టపా ఆగదు" అనేవారు. అది మా ఇంటి మాట.

ఏటా విజయదశమి నాడు ఆ బొమ్మకు పూజ. గుర్రాల కింద ఇత్తడి గంగాళంలో నానబెట్టిన ఉలవలు పెట్టేవారు. పరుగుమనుషుల వంశంలో మిగిలిన కోటయ్య వచ్చి బొమ్మ ముందు తల వంచేవాడు. ఇంటి పెద్ద అతనికి ఎర్ర పాగా కట్టి "పద" అనేవారు. కోటయ్య పెద్దరోడ్డు దాకా పరుగెత్తి, మైలురాయిని ముట్టుకుని తిరిగొచ్చేవాడు. కట్టినవారే పాగా విప్పి "చాలు, ఆగు" అనాలి. అప్పటిదాకా అతను మంచినీళ్లు కూడా ముట్టకూడదు. పరుగు చాలించే హక్కు పరుగెత్తేవాడిది కాదు, పరుగెత్తించేవాడిదని పెదనాన్నగారు వివరించేవారు. తర్వాత కోటయ్యకు కొత్తబట్టలు, భోజనం. ఉలవలు పశువులకు.

నేను చెప్పబోయే రోజులనాటికి మాకు పశువులు లేవు. పొలం లేదు. మేడ ముందు హాలును ఒక మిర్చి వ్యాపారికి గోడౌనుగా అద్దెకిచ్చి, మేం వెనక గదుల్లో ఉండేవాళ్లం. బొమ్మ ఉన్న గోడను మాత్రం ముట్టుకోకూడదని పెదనాన్నగారు షరతు పెట్టారు. అందుకని ఆ గోడ దగ్గర కొంత జాగా వదిలి మిగతాదంతా బస్తాలు పేర్చేవారు. ఆ ఘాటుకు బస్తాలు మోసే ముఠా కూలీలు ముక్కులకు తువ్వాళ్లు కట్టుకుని వచ్చేవారు. పెదనాన్నగారు మాత్రం ఇస్త్రీ పంచె కట్టుకుని, ఒక్క తుమ్మయినా తుమ్మకుండా బొమ్మ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవారు.

మా అమ్మానాన్నలు చిన్నప్పుడే పోయారు. ఆయనే మమ్మల్ని పెంచారు. పెట్టిన ప్రతి ముద్దనూ గుర్తుచేసే పెంపకం అది. నేను చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లులో సూపర్‌వైజరుగా చేరి కొంత బయటపడ్డాను. శేషు ఇంటర్‌తో ఆగాడు. వాడికి చదువు రాలేదు కానీ కాళ్లున్నాయి. కానిస్టేబుల్ సెలెక్షన్లలో పరుగు నెగ్గితే ఆ ఇంట్లోంచి తలెత్తుకుని వెళ్లిపోవచ్చని వాడి ఆశ. ఆ ఒక్క ఆశతోనే రోజూ తెల్లవారగానే పెద్దరోడ్డు మీద పరుగెత్తేవాడు. అప్పుడు ఆ రోడ్డును నాలుగు వరసలు చేస్తున్నారు. ఎక్కడ చూసినా తవ్విన మట్టి, టిప్పర్లు.

ఆ ఏడు వేసవిలో కోటయ్య చనిపోయాడు. దసరాకు అతని కొడుకు అంకమ్మరావును పిలుచుకు రమ్మని పెదనాన్నగారు నన్ను చీమకుర్తి పంపారు. అతను అక్కడ గ్రానైటు పాలిషింగు పనిలో ఉన్నాడు. ఒళ్లంతా తెల్లటి బురదతో బయటికొచ్చాడు.

"మా నాయనతోనే అయిపోయిందండీ ఆ పని" అన్నాడు.

"ఒక్క పూటే కదా అంకమ్మరావూ."

"మీకు ఒక్క పూటేనండీ. దసరా అయ్యాక చాన్నాళ్లు మా నాయనకి నిద్దట్లో కాళ్లు ఆడేయి. మా అమ్మ ఆ కాళ్ల మీదెక్కి కూర్చునేది. నేను రానండీ. టీ తాగుతారా?"

టీ తాగకుండా వచ్చేశాను. పగలంతా ఒళ్లు వంచి పనిచేసేవాడికి రాత్రిళ్లు కాళ్లు కొట్టుకోవడంలో వింతేమీ లేదనుకున్నాను. రాకపోవడానికి ఒక సాకు అనుకున్నాను.

దసరా ఉదయం, ఈ ఏటికి మానేద్దామని పెదనాన్నగారితో అన్నాను. "టపా ఆగదు" అన్నారాయన. సరిగ్గా అప్పుడే శేషు పరుగు నుంచి తిరిగొచ్చి, బనీనుతో మొహం తుడుచుకుంటూ హాల్లోకి వచ్చాడు.

"ఏరా, ఎక్కణ్ణుంచి?"

"రోడ్డు మీంచి, పెదనాన్నా. సెలెక్షన్లు దగ్గరపడుతున్నాయిగా."

"ఆహా. మన ఇంటి పిల్లాడు లాఠీ పుచ్చుకుని సంతలో నిలబడతాడన్నమాట."

"గుర్రాలు పోయాయి, బళ్లు పోయాయి. ఇంక మనకి మిగిలినవి కాళ్లేగా" అని శేషు నవ్వాడు.

"మనం పరిగెత్తించినవాళ్లంరా. పరిగెత్తినవాళ్లం కాదు" అన్నారు పెదనాన్నగారు. కాసేపు వాడి కాళ్లవైపు చూశారు. "అయినా మంచిదే. పరుగుమనిషి ఇంట్లోనే ఉండగా ఊళ్లమ్మట తిరగడం దేనికి? ఇలా రా. తల వంచు."

శేషు నా వైపు చూశాడు. వేళాకోళం అనుకున్నాడు. తల వంచాడు. ఆయన ఎర్ర పాగా బిగించి కట్టి, కోటయ్యతో అన్నట్టే "పద" అన్నారు. మా ఇంటి మనిషికి ఆ పాగా కట్టడం అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. బస్తాలు దించుతున్న కూలీలు పని ఆపి చూశారు.

వాడు పరుగెత్తి వెళ్లి, మైలురాయి ముట్టుకుని వచ్చి మళ్లీ తల వంచాడు. పెదనాన్నగారు అప్పటికే చేతులు కడుక్కుంటున్నారు.

"విప్పండి పెదనాన్నా. ఆకలేస్తోంది."

"కోటయ్యకి విప్పానంటే వాడు నా పనివాడు. నీకేం ఖర్మరా? ఉద్యోగం తెచ్చుకో. టోపీ పెట్టుకొచ్చి నా ముందు నిలబడు. అప్పుడు విప్పుతాలే."

కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. శేషు మొహం కందిపోయింది. పాగా తానే లాగేసి బస్తాల మీదికి విసిరికొట్టి లోపలికి వెళ్లిపోయాడు. పెదనాన్నగారు దాన్ని దులిపి, మడతపెట్టి, భోషాణంలో దాచారు.

ఆ తర్వాత నెలల్లో నేను చూసినవి చెబుతాను. అప్పట్లో ఒక్కోదానికీ ఒక్కో కారణం చెప్పుకున్నాను కనుక ఆ కారణాలు కూడా చెబుతాను.

శేషు పరుగు మారింది. అంతకుముందు పరుగెత్తొచ్చి అరుగు మీద చతికిలబడి చెంబెడు నీళ్లు తాగేవాడు. ఇప్పుడు ఇంటికొచ్చాక కూడా పెరట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవాడు. ఆదివారమైనా మానేవాడు కాదు. జ్వరంలోనూ వెళ్లాడు. పట్టుదల అనుకున్నాను.

కుడి మణికట్టు చుట్టూ వేలెడు వెడల్పున నల్లగా కమిలింది. వాచీ బిగించి కట్టుకుంటున్నాడేమో అనుకున్నాను. వాడు వాచీ పెట్టుకునేది ఎడమచేతికని ఆ తర్వాతెప్పుడో తోచింది.

ఒకరోజు నూతి దగ్గర స్నానం చేస్తుంటే వీపు మీద సన్నటి ఎర్రటి చారలు కనిపించాయి. భుజం నుంచి ఏటవాలుగా కిందికి దిగాయి. అడిగితే "మిర్చి దుమ్ము అన్నయ్యా, చెమటతో కలిసి మండి గోక్కున్నాను" అన్నాడు. ఎవరికైనా వీపు మీద ఆ చోటికి చెయ్యి అందదు. అయినా నమ్మాను.

ఇంకొకటి. ఒక ఉదయం మిల్లుకు వెళ్తూ రోడ్డు మీద వాణ్ణి చూశాను. రోడ్డంతా ఖాళీగా ఉంటే వాడు అంచున, చిల్లకంపల్లో కాళ్లు గీసుకుపోతూ పరుగెత్తుతున్నాడు. కుడివైపు ఒక బండి పట్టేంత జాగా వదిలిపెట్టాడు. ఎదురుగా టిప్పరు వచ్చింది. అది ఆ జాగాలోంచే దూసుకుపోయింది. వాడు చూడనైనా లేదు. ఎడమచెయ్యి మాత్రమే ఊగుతోంది. కుడిచెయ్యి పిడికిలి బిగించి భుజం ఎత్తున నిలబడిపోయి ఉంది. స్కూటరు ఆపి పిలిచాను. పలకలేదు.

సెలెక్షన్లు ఒంగోల్లో జరిగాయి. మిరప కోతల రోజులు. నేను సెలవు పెట్టి వెళ్లి, గ్రౌండు కంచె బయట నిలబడ్డాను. ఎండ అప్పుడే ముదురుతోంది. మొదటి చుట్టు నుంచీ శేషు అందరికన్నా ముందున్నాడు. రెండో మనిషికీ వీడికీ మధ్య దూరం పెరుగుతూనే ఉంది. కంచె దగ్గర కుర్రాళ్లు ఈలలు వేశారు. "ఎవడ్రా బాబూ వాడు, ఇంజనేమన్నా పెట్టుకున్నాడా?" అని ఒకడన్నాడు. నా తమ్ముడని చెప్పాను. చాలా ఏళ్ల తర్వాత నలుగురిలో గర్వంగా చెప్పుకోగలిగిన మాట అది.

గీత దాటాడు. అందరికన్నా ముందు దాటాడు. ఆగలేదు.

మొదట అందరూ నవ్వారు. ఒకాయన చెయ్యి అడ్డం పెట్టి "చాలు బాబూ, అయిపోయింది" అన్నాడు. శేషు ఆయన్ను తప్పించుకుని, తెరిచి ఉన్న గేటులోంచి రోడ్డెక్కాడు. కుడి పిడికిలి భుజం ఎత్తున ఉంది. నోరు తెరుచుకుని ఉంది. చిన్నప్పుడు బొమ్మలో పరుగుమనిషి నవ్వుతున్నాడని అనుకునేవాణ్ణి. అది నవ్వు కాదని ఆ క్షణంలో తెలిసింది.

స్కూటరు మీద వెంటపడ్డాను. ఊరు దాటాక అందుకున్నాను. పేరు పెట్టి అరిచాను. కళ్లు నావైపు తిరిగాయి, కాళ్లు తగ్గలేదు. వాడికి తెలివి ఉంది. నన్ను గుర్తుపట్టాడు. కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి. చొక్కా పట్టుకుని లాగాను. వాడు ఆగలేదు సరికదా, నేనే స్కూటరుతో సహా కంకరలో పడ్డాను. మోకాలు చిట్లింది. నేను లేచేసరికి వాడు కనుచూపుమేరలో లేడు.

ఒక లారీ ఆపి ఎక్కాను. రోడ్డు పనుల దగ్గర ట్రాఫిక్కు ఆగిపోయి, అంత దూరం వెళ్లినా వాణ్ణి అందుకోలేకపోయాం. సింగరాయకొండ దగ్గర, సోడాబండి పక్కన జనం మూగి ఉన్నారు. శేషు వెల్లకిలా పడి ఉన్నాడు. బూట్లు ఎక్కడ పోయాయో తెలియదు. అరికాళ్లకు చర్మం లేదు.

"ఎవరో తరుముతున్నట్టొచ్చి పడ్డాడయ్యా. నీళ్లు పోద్దామంటే ఆ కాళ్లు చూడు, దగ్గరికి రానివ్వట్లేదు" అన్నాడు సోడాబండి అతను.

వాడి కాళ్లు ఇంకా పరుగెత్తుతూనే ఉన్నాయి. పడుకున్నచోటే.

ఒంగోల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాను. ఇంజక్షన్లిచ్చారు. కళ్లు మూతపడ్డాయి, కాళ్లు ఆగలేదు. గుడ్డపట్టీలతో మంచానికి కట్టేస్తే మంచమే కదిలింది. కట్టిన పట్టీలు రక్తంతో తడిశాయి. "ఇలాగే ఉంటే గుండె తట్టుకోదండీ" అన్నాడు డాక్టరు. ఏం జబ్బో మాత్రం చెప్పలేదు. మెలకువ వచ్చినప్పుడల్లా శేషు ఒకటే మాట. "ఆగమని చెప్పమను అన్నయ్యా. నాకు చేతకావట్లేదు."

ఎవర్ని చెప్పమనాలో వాడు అనలేదు. నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే ఊరికి వెళ్లాను. పెదనాన్నగారు ఎప్పటిలాగే బొమ్మ ఎదురుగా కూర్చుని ఉన్నారు. జరిగింది చెప్పాను. చివరిదాకా విన్నారు.

"ఎందాకా వెళ్లాడన్నావ్?"

"సింగరాయకొండ."

"మన హద్దు దాకా వెళ్లాడన్నమాట" అన్నారు. ఆయన మొహంలో సంతోషం కనిపించింది. నేను ఏదీ కల్పించి రాయడం లేదు.

వచ్చి పాగా కట్టి విప్పమన్నాను. ఇలాంటివి నమ్మని నేను ఆ మాట ఎలా అన్నానో ఇప్పటికీ తెలియదు. "ఉద్యోగం వచ్చిందా? టోపీ ఏదీ?" అన్నారాయన. వాడు చచ్చిపోతాడని చెప్పాను. ఇచ్చిన మాట మాటేనన్నారు. నా జీవితంలో మొదటిసారి ఆయన కాళ్లు పట్టుకున్నాను. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నారు.

అప్పుడు లేచి, కూలీలు గోతాలు కోసే కత్తి తీసుకుని బొమ్మ దగ్గరికి వెళ్లాను.

"మీరు రాకపోతే దీన్ని ముక్కలు కోసి మిర్చి బస్తాల కింద పరుస్తాను" అన్నాను.

తమ్ముడి కొడుకు చస్తాడంటే కదలని మనిషి దానికి కదిలారు. భోషాణం తెరిచి పాగా తీశారు. కొత్త పంచె కట్టుకున్నారు. కారు మాట్లాడేదాకా గుమ్మం దాటలేదు. బస్సులో రానన్నారు.

ఆసుపత్రి గదిలో నర్సు ఉంది, డాక్టరు ఉన్నాడు, నేను ఉన్నాను. మంచం కిర్రుకిర్రుమంటోంది. పెదనాన్నగారు శేషు తల ఎత్తి పాగా కట్టారు. "కానిస్టేబులు గారికి" అన్నారు. ఆ స్థితిలో కూడా ఎగతాళి చేయకుండా ఉండలేకపోయారు. తర్వాత విప్పి, "చాలు. ఆగరా" అన్నారు.

కాళ్లు ఆగిపోయాయి.

నెమ్మదించడం కాదు. ఒక మోకాలు వంగి, ఒక కాలు చాచి ఉన్నట్టే ఆగిపోయాయి. మంచం చప్పుడు ఆగేసరికి చెవులు గింగుర్లెత్తాయి. శేషు నిద్రపోయాడు. డాక్టరు నాడి చూసి బయటికి వెళ్లాడు. నేను గోడకానుకుని ఏడ్చాను. గండం గడిచిందనుకున్నాను.

మర్నాడు మెలకువ వచ్చాక వాడు నడుము కింద ఏమీ తెలియడం లేదన్నాడు. సూదితో గుచ్చి చూశారు. తెలియలేదు. గుంటూరు తీసుకెళ్లాం, మద్రాసు తీసుకెళ్లాం. వెన్నుపూస బాగుంది, నరాలు బాగున్నాయి అన్నారు. బాగున్న ఆ కాళ్లు మళ్లీ కదలలేదు. పరుగులో వాడిదే మొదటి స్థానమని తర్వాత తెలిసినవాళ్లు చెప్పారు. అది విని ఏం చేసుకోవాలి?

పెదనాన్నగారికి ఏమీ కాలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు నిక్షేపంలా బతికారు. "ఆగమంటే ఆగాడు. మా మాటకు ఉన్న విలువ అది" అని వచ్చినవాళ్లకు చెప్పేవారు. శేషు పక్కగదిలో పడుకుని వినేవాడు. ఆయన ఒక మధ్యాహ్నం భోంచేసి, కుర్చీలోనే సుఖంగా పోయారు. బొమ్మను కొత్త హైవే మీద ఒక హోటలువాళ్లు కొనుక్కుపోయి భోజనాల హాల్లో పెట్టారు. వాళ్లకు కూడా ఏమీ కాలేదు. వ్యాపారం బాగుందని విన్నాను.

శేషు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాడు. మూడు చక్రాల బండిలో కూర్చుని, మిల్లు గేటు దగ్గర సెల్‌ఫోన్ రీచార్జి కొట్టు నడుపుతాడు. జోకులు వేస్తాడు. ఆ రోజు ఏం కనిపించిందని ఒక్కసారే అడిగాను.

"ఏం కనిపించలేదన్నయ్యా. చప్పుడు కూడా లేదు. ఆగితే చంపేస్తారని మాత్రం తెలుసు" అన్నాడు. ఎవరని అడిగితే, "అడగడానికి ఊపిరేదీ?" అని నవ్వాడు.

వైద్యులకు చూపించినప్పుడల్లా ఒక ప్రశ్న వేస్తాను. కదలని కాళ్లు ఎండిపోవాలి కదా? ఎండిపోవాలనే అంటారు. దుప్పటి తీసి చూపిస్తాను. ఇన్నేళ్లయినా వాడి పిక్కలు సన్నబడలేదు. రాయిలా ఉంటాయి. పొద్దున్నే వాణ్ణి లేపడానికి వెళ్తే కాళ్ల వరకే చెమట పట్టి ఉంటుంది.

చర్మం ఊడిన అరికాళ్లు మానాక మళ్లీ కాయలు కాస్తున్నాయి. మడమలు పగిలి, చీలికల్లో ఎర్రమట్టి ఉంటుంది. మాది సిమెంటు గచ్చు. ప్రతి ఆదివారం నేనే వేణ్ణీళ్లలో పెట్టి, రాయితో తోమి, శుభ్రంగా తుడుస్తాను. మళ్లీ ఆదివారానికి ఎప్పటిలాగే ఉంటాయి.

దయ్యాలున్నాయని నేను ఇప్పటికీ అనను. ఆ పాదాలు రోజూ ఎక్కడ తిరిగొస్తున్నాయో మాత్రం నాకు తెలియదు.